ఆమె చేతికి అధికారం, ఆమె వెనుక మనం

మన పల్లెల్లో ఒంట్లో బాగాలేని మనిషికి ఇన్నేళ్లూ రెండే దారులు. సందు చివర ఆర్‌ఎంపీ దగ్గర ఒక సూది వేయించుకోవడం, నీరసంగా ఉందంటే ఒక సెలైను ఎక్కించుకోవడం. అదీ కాకపోతే చెవి దుద్దులు తాకట్టు పెట్టి పట్నం ఆసుపత్రికి బస్సెక్కడం. బీపీ ఎంతుందో ఎవరూ చూడరు. షుగరు ఉందో లేదో ఎవరూ అడగరు. ఒకరోజు పొలం గట్టు మీద కాలూ చెయ్యీ పడిపోయాక, ఇంటి మగదిక్కు మంచాన పడ్డాక, ముందే తెలిసుంటే ఎంత బాగుండేదని చుట్టాలంతా అనుకుంటారు.

ముందే తెలుసుకునే వీలు ఇప్పుడు ఊళ్లోనే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో పది వేలకు పైగా గ్రామ ఆరోగ్య కేంద్రాలున్నాయి. తెలంగాణలో పల్లె దవాఖానాలున్నాయి. వాటిలో చాలా చోట్ల బీఎస్సీ నర్సింగ్ చదివి, సామాజిక ఆరోగ్యంలో ప్రత్యేక శిక్షణ పొందిన అమ్మాయి బల్ల ముందు కూర్చుని ఉంది. ప్రభుత్వ కాగితాల్లో ఆమె పేరు ఎంఎల్‌హెచ్‌పీ (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్), కాకపోతే సీహెచ్‌ఓ (కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్). ఊరికి ఆమె నర్సమ్మ. ఆమె దగ్గర బీపీ మిషను ఉంది, రక్తపరీక్ష కిట్లు ఉన్నాయి, మందుల బీరువా ఉంది, పెద్దాసుపత్రి డాక్టరుతో వీడియోలో మాట్లాడించే ట్యాబ్ ఉంది. ఇన్ని ఉన్నా ఆమెకు లేనివి రెండు: తన చదువుకు తగిన అధికారం, తన వెనుక నిలబడే ఊరు. ఆ రెండూ ఇవ్వాల్సింది మనం. మనమంటే సర్పంచ్, డాక్టరు, మంత్రి, మందు మింగే రోగి, మింగించే కోడలు, అందరమూ.

నర్సు జబ్బు తేల్చగలదా, మందు ఇవ్వగలదా అన్న అనుమానం పాతదే. 1965లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టరు కలిసి మొట్టమొదటి నర్స్ ప్రాక్టీషనర్ శిక్షణ మొదలుపెట్టారు. ఫోర్డ్ కొలరాడో పల్లెల్లో తిరిగి పనిచేసిన ప్రజారోగ్య నర్సు. వైద్యం అందక పిల్లలు పడే అవస్థ కళ్లారా చూసిన మనిషి. ఇదేం చోద్యమని డాక్టర్లు అన్నారంటే అర్థం చేసుకోవచ్చు. నర్సింగ్ విద్యలో పెద్దలు కూడా ఆమెను వెలివేసినట్టే చూశారు. ఆమె వెనక్కి తగ్గలేదు. నూటనాలుగేళ్లు బతికి 2025 జనవరిలో ఆమె కన్నుమూసేనాటికి ఆ దేశంలో మూడున్నర లక్షలకు పైగా నర్స్ ప్రాక్టీషనర్లు ఉన్నారు. సగానికి పైగా రాష్ట్రాల్లో వాళ్లు ఏ డాక్టరు సంతకం కోసమూ ఎదురుచూడకుండా రోగిని పరీక్షిస్తారు, జబ్బు తేలుస్తారు, మందు రాస్తారు.

ఇందులో నాణ్యత తగ్గిందా? న్యూయార్క్‌లో 1,316 మంది రోగులను చీటీ తీసినట్టు కొందరిని డాక్టర్లకు, కొందరిని నర్స్ ప్రాక్టీషనర్లకు అప్పగించి చూశారు. ఆ ఫలితాలు 2000లో అమెరికా వైద్యుల సంఘం వారి సొంత పత్రికలోనే అచ్చయ్యాయి. ఆరు నెలల తర్వాత రెండు జట్ల ఆరోగ్యంలోనూ తేడా కనిపించలేదు.

అమెరికా ధనిక దేశం, మనకు దానితో పోలికేమిటని అనేవాళ్లుంటారు. వాళ్లు దక్షిణాఫ్రికా వైపు చూడాలి. ఎయిడ్స్ ఆ దేశాన్ని ఊళ్లకు ఊళ్లుగా కబళిస్తున్న రోజుల్లో, ప్రాణం నిలబెట్టే ఏఆర్‌టీ మందులు మొదలుపెట్టే అధికారం డాక్టరుకే ఉండేది. డాక్టర్లేమో పట్నాల్లో, రోగులేమో కొండల అవతల. మందు ఉండి కూడా, రాసిచ్చే చెయ్యి అందక జనం వరుసల్లో నిలబడే చనిపోయారు. 2010లో ఆ ప్రభుత్వం నిబంధన మార్చింది. శిక్షణ పొందిన నర్సు తన ఊరి క్లినిక్‌లోనే రోగిని పరీక్షించి ఏఆర్‌టీ మొదలుపెట్టవచ్చని చెప్పింది. ఫ్రీ స్టేట్ రాష్ట్రంలో దాన్ని పకడ్బందీగా పరిశీలించి 2012లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు ప్రకటించారు. నర్సులు చూసిన రోగుల్లో వైరస్ అదుపులోకి రావడం డాక్టర్లు చూసిన వారికి ఏమాత్రం తీసిపోలేదు. ఇవాళ ఆ దేశంలో 50 లక్షలకు పైగా మనుషులు ఆ మందు మీద బతుకుతున్నారు. లోకంలో అంత పెద్ద ఏఆర్‌టీ కార్యక్రమం మరోటి లేదు. అది నర్సుల భుజాల మీద నడుస్తోంది. మందు మారలేదు, జబ్బు మారలేదు. ఒక నిబంధన మారింది, దాన్ని నిజం చేయడానికి వేలమంది నర్సులు చదువుకున్నారు, అంతే.

మన గడ్డ మీద ఈ మార్పు అడుగుపెట్టింది కాన్పు గదిలో. దాని గురించి కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే మనం గర్వపడాల్సిందీ, సిగ్గుపడాల్సిందీ రెండూ అక్కడే ఉన్నాయి.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. ఇది చిన్న విజయం కాదు. కానీ అదే సర్వే చెబుతోంది: తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు. ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 81.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో మొత్తం 42.4 శాతం. దేశం సగటు 21.5 మాత్రమే. సిజేరియన్ ప్రాణం కాపాడే ఆపరేషన్, అవసరమైన తల్లికి నిమిషం ఆలస్యం లేకుండా అందాలి. కానీ జనాభా మొత్తం మీద ఆ శాతం పది దాటాక, తల్లీబిడ్డల మరణాలు ఇంకా తగ్గిన దాఖలా లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. నొప్పులకు భయపడి, ముహూర్తం చూసి, డాక్టరుకు తీరిక లేదని, కారణం ఏదైతేనేం, అవసరం లేని కోత ఆడదాని ఒంటి మీద పడుతోంది. కూలికి వెళ్లే తల్లి నెలల తరబడి నడుము వంచలేకపోతోంది. తర్వాతి కాన్పూ కత్తి కిందికే వెళుతోంది.

ఈ ప్రవాహానికి ఎదురీదింది కొందరు నర్సులు. హైదరాబాద్‌లోని ఫెర్నాండెజ్ ఆసుపత్రి 2011 నుంచి నర్సులకు అంతర్జాతీయ ప్రమాణాల మిడ్‌వైఫరీ, అంటే కాన్పు చేయించే విద్యలో శిక్షణ ఇస్తోంది. 2017లో తెలంగాణ ప్రభుత్వం ఆ సంస్థతో, యునిసెఫ్‌తో చేయి కలిపి ప్రభుత్వ నర్సులకు పద్దెనిమిది నెలల కోర్సు కరీంనగర్‌లో మొదలుపెట్టింది. మరుసటి ఏడాది కేంద్ర ప్రభుత్వం దేశమంతటికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు ప్రకటించి, నర్స్ ప్రాక్టీషనర్ మిడ్‌వైఫ్ అనే హోదాను తెచ్చింది. దేశానికి దారి చూపిన వాళ్లలో మన తెలుగు నర్సమ్మలున్నారు. ఈ మాట మన పాఠ్యపుస్తకాల్లో ఉండాలి.

వాళ్లు చేసేదేమిటి? నొప్పులు పడే తల్లిని మంచానికి కట్టేసినట్టు వెల్లకిలా పడుకోబెట్టరు. నడవనిస్తారు, బంతి మీద కూర్చోబెడతారు, నడుము మర్దన చేస్తారు, ఊపిరి ఎలా తీసి వదలాలో చెబుతారు. అమ్మో, అక్కో, భర్తో పక్కన ఉండేలా చూస్తారు. ఏ భంగిమలో బిడ్డను కనాలో ఆ తల్లినే ఎంచుకోనిస్తారు. అలవాటుగా కోసి కుట్లు వేయరు. అరవకు, నోర్మూసుకో అన్న మాట ఆ గదిలో వినిపించదు. చెవి మాత్రం ఎప్పుడూ బిడ్డ గుండె చప్పుడు మీదే ఉంటుంది. ఆ చప్పుడు మందగించినా, తల్లి బీపీ పెరిగినా, రక్తం ఆగకపోయినా ఆ క్షణమే డాక్టరును పిలుస్తారు. ఎప్పుడు తాను చేయాలో, ఎప్పుడు పిలవాలో తెలియడమే వాళ్ల విద్య. ఈ విద్య ప్రతి తల్లికీ అందితే ఏమవుతుందో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రిక లెక్క కట్టింది. మిడ్‌వైఫ్‌లు చేయగలిగిన సేవలన్నీ అందరికీ చేరితే 2035 నాటికి ఏటా 43 లక్షల ప్రాణాలు దక్కుతాయి. తల్లులు, పురిటి బిడ్డలు, కడుపులోనే కన్నుమూసే పసికందులు అందరూ ఆ లెక్కలో ఉన్నారు.

మరి ఇంత నేర్చుకుని వచ్చిన మిడ్‌వైఫ్‌ను ఏ ఆసుపత్రిలోనైనా కాన్పు గది నుంచి తీసి జ్వరాల వార్డులో డ్యూటీ వేస్తే? ఆమె నిర్ణయాన్ని నిన్నగాక మొన్న చేరిన హౌస్‌సర్జన్ కొట్టిపారేస్తే? పద్దెనిమిది నెలల చదువు వృథా అయినట్టే. సూపరింటెండెంట్లకు నా మనవి ఇదే: మీ ఆసుపత్రిలో మిడ్‌వైఫ్‌లు ఉంటే వాళ్లను వాళ్ల గదిలో ఉంచండి, వాళ్ల మాట చెల్లనివ్వండి. గర్భిణులకు, వారి అత్తమామలకు కూడా చెబుతున్నాను. మూడో నెల నుంచే మిడ్‌వైఫ్ ఎక్కడుందో కనుక్కోండి. ముహూర్తం కోసం కడుపు కోయమని డాక్టరును అడగకండి.

డాక్టరు గారూ, ఇప్పుడు మీతో నేరుగా ఒక మాట. 2019లో జాతీయ వైద్య కమిషన్ చట్టం 32వ సెక్షన్‌లో సామాజిక ఆరోగ్య కార్యకర్తలకు పరిమిత లైసెన్సు ఇవ్వవచ్చని రాసినప్పుడు మీరు దేశమంతా వీధుల్లోకి వచ్చారు. మీ ఆందోళనలో న్యాయమైన భాగం ఉంది. పేదవాడికి రెండో రకం వైద్యం ఇచ్చి ప్రభుత్వం చేతులు దులుపుకుంటుందేమోనన్న భయం అది. ఆ భయం నాకూ ఉంది. పల్లెకు నర్సమ్మను పంపాం కాబట్టి ఇక డాక్టరు పోస్టు నింపక్కర్లేదని ఏ ప్రభుత్వమైనా అంటే మీతో పాటు నేనూ ధర్నాలో కూర్చుంటాను. కానీ పల్లెవాడికి ఇవాళ అందుతున్న వైద్యం ఏమిటో కూడా చూడండి. దేశంలోని గ్రామీణ సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో ఉండాల్సిన స్పెషలిస్టుల్లో దాదాపు 80 శాతం మంది కొరతే. ఆ ఖాళీలో ఎవరు కూర్చున్నారు? స్టెరాయిడ్ ఏదో, యాంటీబయాటిక్ ఏదో తెలియకుండా సూది గుచ్చే మనిషి. అర్ధరాత్రి తలుపు కొడితే లేచి వచ్చేది అతనొక్కడే కాబట్టి ఊరు అతన్ని వదులుకోలేదు. ఆ చోటులో నాలుగేళ్లు చదివిన నర్సును, రాసిపెట్టిన చికిత్సా నియమాలతో, ఫోను అవతల మీ గొంతుతో కూర్చోబెడదాం. ఆమె మీ పనిని లాక్కోదు. మీ దాకా రావాల్సిన రోగిని సమయానికి పంపుతుంది, రానక్కర్లేని వాణ్ని ఊళ్లోనే బాగుచేస్తుంది. మీరు చేయాల్సిందల్లా ఆమె ఫోను ఎత్తడం, ఆమె రాసిన చీటీని చదివి గౌరవించడం, రోగితో పాటు ఒక జవాబు చీటీ తిరిగి పంపడం.

శ్రీకాకుళం ఉద్దానం సంగతి తీసుకోండి. కొబ్బరితోటల మధ్య తరాలుగా కిడ్నీ జబ్బు ఇళ్లను ఖాళీ చేస్తోంది. కారణం పూర్తిగా తేలలేదు. పలాసలో కిడ్నీ ఆసుపత్రి వచ్చింది, మంచిదే. కానీ డయాలసిస్ మంచం దాకా వెళ్లక ముందే జబ్బును పట్టుకోవాలంటే ఊరూరా క్రియాటినిన్ పరీక్ష చేసి, బీపీ అదుపులో పెట్టి, నొప్పి మాత్రలు మింగొద్దని ఇంటింటికీ నచ్చజెప్పే మనిషి కావాలి. అది రోజూ కనిపించే మనిషి చేయాల్సిన పని. అప్పుడప్పుడూ వచ్చే వైద్య వాహనం ఒక్కటే చేయలేదు. పాడేరు ఏజెన్సీలో నిండు గర్భిణిని డోలీలో మోసుకొచ్చే ఫొటోలు పత్రికల్లో చూసి మనం కళ్లు తుడుచుకుంటాం. ఆ గూడేలకు రోడ్డు వేయాల్సిందే, అందులో రాజీ లేదు. రోడ్డు వచ్చేలోగా కాన్పు తేదీని ముందే లెక్కగట్టి, ప్రమాదం ఉన్న తల్లిని పది రోజుల ముందే గర్భిణుల వసతి గృహానికి చేర్చగలిగేది ఆ గూడేనికి దగ్గర్లో ఉన్న నర్సే.

ఇక ఊరి వాళ్లం మనం. బీపీ మాత్ర నెల రోజులు వేసుకుని, తల తిరగడం తగ్గిందని మానేస్తాం. నర్సమ్మ మళ్లీ పిలిస్తే ‘బాగానే ఉన్నానుగా’ అంటాం. మాత్ర రాస్తే సూది వెయ్యదేమని మొహం చిట్లిస్తాం. ముప్పై దాటిన ప్రతి ఒక్కరికీ బీపీ, షుగరు చూడాలి. నోటి క్యాన్సరు, ఆడవాళ్లకు రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్ష చేయాలి. ఇది ఆమెకు అప్పగించిన పని. ఈ వారంలోనే ఇంట్లో ముప్పై దాటిన వాళ్లందరినీ వెంటబెట్టుకుని వెళ్దాం. సిగ్గుపడే అత్తను కోడలు తీసుకెళ్లాలి. మొండికేసే తండ్రిని కొడుకు తీసుకెళ్లాలి. డ్వాక్రా సంఘం సమావేశంలో అప్పుల లెక్క అయ్యాక పది నిమిషాలు ఆరోగ్యం లెక్క కూడా చూసుకుందాం.

మరో సంగతి మనసులో పెట్టుకోవాలి. మన దగ్గర నర్సు వృత్తిలోకి ముందుగా అడుగుపెట్టిన వాళ్లలో ఎక్కువ మంది మిషన్ ఆసుపత్రుల్లో చదువుకున్న పేదింటి, దళిత క్రైస్తవ ఆడపిల్లలు. మిషనరీ డాక్టరు అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చి ఆడవాళ్లకు వైద్యం మొదలుపెట్టిన కాలంలో, పరాయి మనిషి పుండు కడగడానికి పెద్ద కులాల ఇళ్ల నుంచి పెద్దగా ఎవరూ ముందుకు రాలేదు. ఆ పిల్లలే వచ్చారు. వాళ్ల సేవ తీసుకుంటూనే వాళ్లను తక్కువగా చూశాం. సినిమాల్లో వాళ్లను వెక్కిరించాం. ఆ బాకీ తీర్చాల్సింది మన తరమే. నర్సును ‘ఏయ్ సిస్టర్’ అని చిటికె వేసి పిలిచే నోరు ఇక మూతపడాలి. ‘అమ్మా, కాస్త చూస్తారా’ అనడానికి ఖర్చేమీ కాదు.

పాలకులకు చెప్పాల్సింది పెద్దగా లేదు, వాళ్లకు తెలిసిందే. ఏళ్ల తరబడి ఆమెను కాంట్రాక్టులో ఉంచి, ఎప్పుడు తీసేస్తారో తెలియని ఉద్యోగంలో నుంచి ధైర్యమైన నిర్ణయాలు ఆశించడం తప్పు. ఉద్యోగానికి భద్రత ఇవ్వండి. సగం రోజు యాప్‌లలో లెక్కలు ఎక్కించడంలో పోకుండా చూడండి. ఒంటరిగా పనిచేసే ఆడపిల్లకు తలుపు గట్టిగా ఉన్న భవనం, నీళ్లొచ్చే మరుగుదొడ్డి, వెలిగే దీపం ఇవ్వండి. 1947 నాటి నర్సింగ్ చట్టం స్థానంలో 2023లో కొత్త చట్టం వచ్చింది. అది కొత్త అధికారులను నియమించడంతో ఆగకూడదు. శిక్షణ పొందిన నర్సు ఏ జబ్బుకు ఏ మందు తానే మొదలుపెట్టవచ్చో స్పష్టంగా రాయండి. రాయకపోతే రేపు ఏదైనా పొరపాటు జరిగిన రోజు ఆమె ఒక్కతే బోనులో నిలబడాల్సి వస్తుంది.

చెల్లెమ్మా, నీకూ ఒక మాట. విదేశీ ఉద్యోగాలకు పంపే టామ్‌కామ్ లాంటి ప్రభుత్వ సంస్థలు జర్మనీకో జపాన్‌కో దారి చూపిస్తున్నాయి. వెళ్లాలనుకుంటే వెళ్లు, నిన్ను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. ఇక్కడ ఉండాలనుకుంటే మాత్రం సగం మనసుతో ఉండకు. అధికారం అడిగే ముందు అధికారానికి తగిన విద్య అడుగు. ప్రతి ఏడాదీ పరీక్షకు నిలబడు. తెలియనప్పుడు తెలియదని చెప్పి పైకి పంపు. తెలిసినప్పుడు ఎవరు గద్దించినా నీ మాట మీద నిలబడు. నీ తర్వాత వచ్చే పిల్లకు నీ చేతి పని నేర్పు.

అమెరికాలో, బ్రిటన్‌లో నర్సులుగా, నర్స్ ప్రాక్టీషనర్లుగా పనిచేస్తున్న మన ఆడపడుచులు సొంతూరికి వచ్చినప్పుడు ఒకరోజు వైద్య శిబిరం పెట్టి ఫొటో దిగి వెళ్లిపోవద్దు. ఆ ఊరి నర్సమ్మ పక్కన వారం రోజులు కూర్చోండి. గుండె శబ్దం ఎలా వింటారో, మధుమేహ రోగి పాదం ఎలా పరీక్షిస్తారో చూపించండి. తిరిగి వెళ్లాక ఆమె ఫోను ఎత్తండి.

ప్రతి గ్రామ ఆరోగ్య కేంద్రానికీ సర్పంచ్ అధ్యక్షుడిగా, అక్కడి సీహెచ్‌ఓ కార్యదర్శిగా జన ఆరోగ్య సమితి ఉండాలన్నది నియమం. ఆ కేంద్రానికి ఏటా 50,000 రూపాయల నిధి కూడా ఉంది. జనవరి 26న, ఆగస్టు 15న, అక్టోబరు 2న జెండా కింద మిఠాయి పంచుకుని ఇంటికి వెళ్లిపోకుండా, గ్రామసభ జరిగితే అందులో లేచి అడుగుదాం. మన సమితి ఈ ఏడాది ఎన్నిసార్లు కూర్చుంది? ఆ నిధి దేనికి ఖర్చయింది? ఊళ్లో ముప్పై దాటిన వాళ్లలో ఎంతమందికి బీపీ చూశారు, చూసిన వాళ్లలో ఎంతమందికి అదుపులో ఉంది? మన కేంద్రంలో మందులు ఎన్ని రోజులు అయిపోయి ఉన్నాయి? ఈ ప్రశ్నలు నర్సమ్మను నిలదీయడానికి కాదు. ఆమె ఒంటరిగా రాసి రాసి అలసిపోయిన మందుల ఇండెంటుకు ఊరంతా సంతకం పెట్టడానికి. జవాబు రాకపోతే తీర్మానాల పుస్తకంలో రాయించి జిల్లా వైద్యాధికారికి పంపిద్దాం. తర్వాతి సభలో మళ్లీ అదే ప్రశ్నతో, ఈసారి పక్కింటి వాళ్లను కూడా వెంటబెట్టుకుని లేద్దాం.